తొమ్మిది రాత్రుల పాయింట్లు

ఫిబ్రవరి 24
క్యాంపు ఆఫీసు

పిచ్చుకా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని తిట్టుకుంటూ ఉంటావు. ఇక్కడ పనంతా ఆనకట్ట కింద సొరంగంలో. కొండ కడుపులోకి ఎనభై మీటర్ల లోతుకు లిఫ్టు దింపుతున్నాం. ఫోన్ టైం చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. సాయంత్రం పైకొచ్చాక ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు పదిమందిమి వరస కడతాం. జూన్ దాకా ఇంతే. ఏదైనా ఉంటే ఉత్తరంలా మెయిల్ రాయి.

అసలు విషయం. పదకొండేళ్ళుగా పని మీద ఊళ్ళు తిరుగుతూ నేను దిగేది ఒకే కంపెనీ హోటళ్ళలో అని నీకు తెలుసుగా. దిగినప్పుడల్లా వాళ్ళు పాయింట్లు వేస్తారు. అవి కొండలా పేరుకున్నాయి. మార్చి నెలాఖరుకు వాడకపోతే చాలావరకు పోతాయట. వాళ్ళదే సముద్రం ఒడ్డున పెద్ద రిసార్టు ఒకటుంది, పదకొండు వందల గదులు. నాకు సెలవు లేదు. మీ వదిన రాదు, ఇసుక చూస్తే ఆవిడకు చీపురు గుర్తొస్తుంది. నువ్వు అమ్మను తీసుకుని వెళ్ళు. ఏడు రాత్రులు. పైసా ఖర్చు లేదు.

నాన్న చివరి రోజుల్లో నేను దగ్గర లేను. అంతా నువ్వే చేశావు. ఏడాది దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. కనీసం ఇది చేయనీ.

అన్నయ్య


ఫిబ్రవరి 27

అన్నయ్యా,

ఉత్తరాలే నయం. ఫోన్లో అయితే నేను మాట మొదలుపెట్టగానే "సైట్ మీద ఉన్నా" అని పెట్టేస్తావు. రాస్తే చివరిదాకా చదవక చస్తావా.

ఈ వారం మా ల్యాబులో ఇరవై మూడు కట్టుడుపళ్ళ సెట్లు. డాక్టర్లు అచ్చులు పంపుతారు, ఒక్కోదాని మీద ఉమ్మి కూడా ఆరదు. కొత్తగా చేరిన అమ్మాయి వాటిని చూసి మధ్యాహ్నం డబ్బా తెరవడం మానేసింది. నాకేమో ఒక చేత్తో అచ్చు, ఒక చేత్తో బన్ను. భగవంతుడు నాకు అసహ్యం అనేది పెట్టడం మరిచిపోయి, నా వాటా కూడా నీకే ఇచ్చాడు. కంచంలో వెంట్రుక వస్తే రెండు రోజులు అన్నం మానేసేవాడివి.

అమ్మకు చెప్పాను. మొదట వద్దంది.

"వాడి డబ్బెందుకే?"

"డబ్బు కాదమ్మా, పాయింట్లు. హోటల్లో పడుకున్నందుకు ఇస్తారట."

"పడుకున్నందుకు ఇస్తారా?" అని నవ్వింది. నవ్వు ఆపి, "అయితే ఎక్కడెక్కడ పడుకున్నాడో అంతా రాసి పెట్టుకుంటారా?" అని అడిగింది.

పెట్టుకోకుండా ఎలా ఇస్తారు అన్నాను. ఆ సాయంత్రమంతా పరధ్యానంగానే ఉంది. మర్నాడు తనే వస్తానంది. మార్చి ఏడున బయల్దేరుతున్నాం. ఉపకారం మర్చిపోనులే.

చెల్లి


మార్చి 8
రిసార్టు

అన్నయ్యా,

ఇక్కడ అతిథుల కోసం ఒక గాజు గదిలో రెండు కంప్యూటర్లు పెట్టారు. నాకంటే ముందు ఒకాయన తడి నిక్కరుతో కూర్చుని అరగంట ఏదో చూసుకుని వెళ్ళాడు. ఆ కుర్చీలోనే, దాని మీద పేపరు పరుచుకుని కూర్చుని రాస్తున్నాను. నాకు అసహ్యాలు లేవన్నానా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గేటు దగ్గరే చేతికి ప్లాస్టిక్ పట్టీ బిగించారు. డబ్బు కట్టి వచ్చినవాళ్ళకు బంగారు రంగు, పాయింట్ల మీద వచ్చినవాళ్ళకు నీలం. నీలం పట్టీ వాళ్ళు సముద్రం వైపు మొదటి వరస కుర్చీల్లో కూర్చోకూడదు. అమ్మ తెలియక కూర్చుంది. టోపీ పెట్టుకున్న అమ్మాయి వచ్చి, నవ్వు చెరగకుండా లేపింది. ఆ వరసంతా ఖాళీ. కుర్చీల మీద తువ్వాళ్ళు మాత్రం ఉన్నాయి. పొద్దున ఆరింటికే తువ్వాలు పరిచి, మళ్ళీ పోయి పడుకుంటారట.

తిండి సంగతి చెప్తే నువ్వు ఈ నెల తినవు. అయినా చెప్తాను. హాల్లో ఎనిమిది వందలమంది ఒకేసారి పళ్ళేలు పట్టుకుని తిరుగుతారు. ఎవడి ఆకలి ఎంతో వాడికే తెలీదు. నా పక్కనావిడ పుచ్చకాయ ముక్కలు కొండలా పేర్చుకుని, ఒక్కోదాన్ని ఒక్కో కొరుకు కొరికి వదిలేసింది. పళ్ళెం నిండా పంటిగాట్లు. పై దవడలో ఎడమవైపు పన్ను కట్టుడుదే, అది కూడా సరిగ్గా కుదర్లేదు. ఆ పళ్ళెం, దాని పక్కన ముట్టని నాలుగు చేపముక్కలు, సగం తాగిన పాలు, అన్నీ ఒకే డబ్బాలోకి గుమ్మరించారు. ఆ డబ్బా నిండగానే ఇంకోటి. కొలనులో ఈదాలనుకున్నాను. నీళ్ళ మీద ఒంటికి రాసుకునే క్రీము నూనెలా తెట్టు కట్టింది. మూలన ఎవరి వేలికట్టో తేలుతోంది.

మా గది పదో అంతస్తు. "పాక్షిక సముద్ర దృశ్యం" అని రాశారు. పొద్దున్నే ట్రాక్టరు పెట్టి ఒడ్డున నాచంతా ఊడ్చి వంటశాల వెనక గుట్టపోస్తారు. మధ్యాహ్నానికి అది కుళ్ళుతుంది. మా బాల్కనీ సరిగ్గా అటువైపే. పాక్షికంగా అంటే ముక్కుతో మాత్రమే చూడాలన్నమాట.

అమ్మ విషయం. లాబీలోకి అడుగుపెట్టగానే ఆగిపోయింది. ఇక్కడ గొట్టాల్లోంచి ఏదో సెంటు వదులుతారు, ఒట్టి తీపి వాసన. అమ్మ అది పీల్చి, మొహం పాలిపోయి, అక్కడే సోఫాలో కూలబడింది. పైకి రమ్మంటే పది నిమిషాలు కదల్లేదు. ప్రయాణం బడలిక అంది. నిన్నటినుంచీ ముభావంగా ఉంది.

ఇంకోటి. మనకు ఐదు రాత్రులే పాయింట్ల మీద ఉన్నాయట. మిగతా రెండు రాత్రులకు పాయింట్లు తక్కువ పడ్డాయి, డబ్బు కట్టమంటున్నారు. ఏం చెయ్యమంటావు?

చెల్లి


మార్చి 9
క్యాంపు ఆఫీసు

పిచ్చుకా,

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు. నువ్వు అమృతం పోసినా గ్లాసు కడిగారా అని అడిగే రకం. ఉత్తరం మొత్తంలో ఒక్క మంచి మాట వెతుక్కున్నాను, దొరకలేదు.

నేనిక్కడ రేకుల షెడ్డులో ఆరుగురితో పడుకుంటున్నాను. ఒకడి సాక్సు వాసన ఇంకొకడి కలలోకి వస్తుంది. ఆ సెంటును ఎందుకంత తీసిపారేశావో నాకు తెలీదు. నాకది ఇష్టం. ఏ ఊరెళ్ళినా వాళ్ళ హోటళ్ళలో అదే వాసన. తలుపు తెరవగానే తెల్లటి దుప్పటి, నలగని దిండు, నాకంటే ముందు ఈ గదిలో ఎవరూ బతకనట్టు ఉంటుంది. పదకొండేళ్ళు నేను పని చెయ్యగలిగానంటే ఆ గదుల వల్లే. నీకు నచ్చకపోతే పోనీ. అమ్మనైనా సుఖపడనీ, ఆవిడ చెవిలో ఈ గొడవలు ఊదకు.

పాయింట్లు తక్కువ పడటం అబద్ధం. లెక్కలో ఎక్కడో మింగారు. డెస్కు దగ్గరకు వెళ్ళి, నేను ఇప్పటిదాకా దిగిన హోటళ్ళ జాబితా మొత్తం, పదకొండేళ్ళదీ ప్రింటు తీయించు. నా కార్డు నంబరూ పాస్‌వర్డూ నీ దగ్గరున్నాయిగా. ఒక్కో రాత్రికి ఒక్కో వరస ఉంటుంది. దాన్ని వాళ్ళ మొహాన కొట్టు. మేనేజర్‌ను పిలువు. భయపడకు.

అన్నయ్య


మార్చి 10
రిసార్టు

ప్రింటు తీయించాను. పంతొమ్మిది పేజీలు వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఒక్కో రాత్రికి ఒక్కో వరస. డెస్కులో అబ్బాయి ఓపికగా నాకు స్కేలు కూడా ఇచ్చాడు. తగ్గిన పాయింట్లు దొరికాయి, రెండు రాత్రులూ వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ గొడవ అయిపోయింది.

పదహారో పేజీలో స్కేలు ఆగింది.

మన ఊరు. స్టేషన్ ఎదురు హోటల్. పోయిన ఏడాది జనవరి పది నుంచి తొమ్మిది రాత్రులు.

ఆ హోటల్ మెట్ల మీద నిలబడితే ఆస్పత్రి బోర్డు కనిపిస్తుంది. ఆ రోజుల్లో నువ్వు ఓడరేవులో ఉన్నావు. గాలివానకు దారులు తెగాయని చెప్పావు. నేను రోజూ పేపర్లో వాతావరణం చూసి నాన్నకు చదివి వినిపించేదాన్ని. "ఇవాళ కూడా దారి తెరవలేదు నాన్నా" అనేదాన్ని. ఆయన "పాపం వాడు" అనేవాడు.

నాన్న పద్దెనిమిదో తారీకు సాయంత్రం నాలుగింటికి పోయాడు. ఆ రాత్రి కూడా నువ్వు అక్కడే పడుకున్నట్టుంది ఈ కాగితంలో. పంతొమ్మిదిన ఎనిమిదీ పదికి గది ఖాళీ చేశావు. తొమ్మిదింటికి మన గుమ్మంలో ఉన్నావు. రాత్రంతా బస్సులో నిద్రలేదన్నావు. నేను నీకు టీ పెట్టిచ్చాను. కాళ్ళు వాచాయేమో అని బకెట్లో వేడినీళ్ళు కూడా తెచ్చాను.

ఆ వరస చివర ఇంకో మాట ఉంది. అతిథులు: ఇద్దరు. రోజూ అదనంగా తువ్వాళ్ళు.

ఎవరు ఆవిడ? మన తండ్రి కుళ్ళిపోతుంటే ఆ వీధిలోనే తలుపేసుకుని ఎవరితో ఉన్నావు? ఈ ప్రశ్న రాస్తుంటేనే నాకు నోట్లో చేదు ఊరుతోంది. ఆ రాత్రుల పాయింట్ల మీదే కదా ఇప్పుడు నన్నూ అమ్మనూ ఈ పక్క మీద పడుకోబెట్టావు. నిన్న రాత్రి ఈ దుప్పటి మెత్తగా ఉందనుకున్నాను. అది తలుచుకుంటే ఒళ్ళు కడుక్కోవాలనిపిస్తోంది.

జవాబు రాయి. లేకపోతే వదినకు రాస్తాను.


మార్చి 11
క్యాంపు ఆఫీసు

చెల్లీ,

ఆ ప్రింటు తీయించమని నేనే చెప్పాను. అందులో ఆ తొమ్మిది వరసలు ఉంటాయని నాకు తట్టలేదంటే నమ్ముతావా? ఆ రోజుల్ని నేను ఎంత లోతున పూడ్చానో దాన్నిబట్టి అర్థం చేసుకో.

జనవరి తొమ్మిదిన నేను ఆస్పత్రికి వచ్చాను, గుర్తుందిగా. నువ్వు మందులకు కిందికెళ్ళావు. మలం పట్టడానికి నాన్న పొట్టకు కట్టిన సంచి ఊడిపోయింది. నర్సు కోసం చూశాను, లేదు. నేనే మార్చాలనుకున్నాను. దుప్పటి ఎత్తాను. ఆ వాసన తగలగానే నాకు వాంతి ఆగలేదు. పక్కకు తిరిగే లోపే అయిపోయింది, నాన్న కాళ్ళ మీదే. తలెత్తితే ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ క్షణాన నా మొహం ఎలా ఉందో నేను చూడలేదు. ఆయన చూశాడు.

"పోనీలేరా. నీకు చిన్నప్పట్నుంచీ పడదుగా. చెల్లొచ్చి చేస్తుందిలే. నువ్వెళ్ళి చేతులు కడుక్కో" అన్నాడు.

కోపంగా అని ఉంటే అక్కడే ఉండేవాణ్ణి. నువ్వు రాగానే ఓడరేవునుంచి ఫోనొచ్చిందని చెప్పి, మర్నాడు బయల్దేరాను. స్టేషన్ దాకా వెళ్ళి రైలెక్కలేకపోయాను. వెనక్కీ రాలేకపోయాను. ఎదురుగా ఆ హోటల్ కనిపించింది.

రోజూ పదకొండింటికి, చూడ్డానికి వదిలే వేళకు ఆస్పత్రికి వచ్చేవాణ్ణి. లిఫ్టెక్కి నాలుగు నొక్కేవాణ్ణి. ఆ లిఫ్టు తలుపు ఏడు సెకన్లు తెరిచి ఉంటుంది. నా వృత్తే అది కదా, లెక్క తప్పదు. తలుపు తెరుచుకుంటే ఆ వరండా, ఆ వాసన, ఎడమవైపు మూడో తలుపు. ఏడు సెకన్లూ చూస్తూ నిలబడేవాణ్ణి. తలుపు మూసుకునేది. ఎనిమిది రోజులు వచ్చాను. ఒక్కరోజూ దిగలేదు.

నామీద నీకు ఎంత రోత పుట్టినా అందులో తప్పులేదు. నాకూ పుడుతోంది. అద్దంలో గడ్డం గీసుకోవాల్సి వస్తుంది గనుక రోజుకోసారి కచ్చితంగా పుడుతుంది.

రెండో మనిషి ఎవరన్నావు. నువ్వనుకున్నది కాదు. అంతకుమించి అడగకు. వదినకు రాసుకో, నేను అడ్డుపడను. కానీ అది మాత్రం అడగకు.

అన్నయ్య


మార్చి 12
రిసార్టు

నీ ఉత్తరం పొద్దున చదివాను. ఏడు సెకన్ల కథ బాగుంది గానీ, ఆ చివరి మాటతో అంతా పాడుచేసుకున్నావు. అడగకు అన్నావంటే ఆడమనిషేనని ఖాయం చేసుకున్నాను. నేరుగా గదికెళ్ళి అమ్మ ముందు ఆ కాగితం పెట్టాను. "నీ కొడుకు సంగతి చూడు. వదినకు ఇవాళే చెప్తాను" అన్నాను.

అమ్మ బాల్కనీలో కూర్చుని ఉంది. కింద ఆ కుళ్ళిన నాచు మీద ఈగలు ముసురుతున్నాయి. కాగితం చూడలేదు.

"వదినను కదపకు. ఆ రెండో మనిషిని నేనే" అంది.

నాకు అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. ఎలా చెప్పిందో అలాగే రాస్తాను.

"పదో తారీకున వాడు ఫోన్ చేసి ఏడ్చాడు. వెళ్ళాను. ఆ గదిలో అడుగుపెట్టగానే, ఏమైందో, పరిగెత్తుకెళ్ళి బాత్రూంలో వాంతి చేసుకున్నాను. అన్ని వారాలుగా బిగబట్టుకున్నదంతా వచ్చేసింది. వేడినీళ్ళు పోసుకున్నాను. వాడు తువ్వాలందించాడు. ఆ తరవాత రోజూ రెండింటికి వెళ్ళేదాన్ని. ఇంటికెళ్ళి నడుం వాలుస్తానని నీకు చెప్పేదాన్ని. మేమిద్దరం అక్కడ ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. నేను ఒళ్ళు రుద్దుకునేదాన్ని, పడుకునేదాన్ని, నాలుగున్నరకు వచ్చేసేదాన్ని."

"ఇంట్లోనే పోసుకోవచ్చుగా ఆ నీళ్ళు" అన్నాను.

"ఇంట్లో ఆయన చొక్కాలున్నాయే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆ సంచి మారుస్తూ కూనిరాగాలు తీసేదానివి. నీ ముందు నాకు అసహ్యం వేస్తోందని ఏ మొహంతో చెప్పను? ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆయన ఒంటి మీద చెయ్యేస్తే నాకు వాంతి వచ్చేది. నీకు రాలేదు. అది నీ గొప్ప కాదే, నీ అదృష్టం."

పద్దెనిమిదిన నాన్న పోయే వేళకు అమ్మ నీ గదిలో నిద్రపోతోంది. నేనొక్కదాన్నే ఉన్నాను. అమ్మ వచ్చేసరికి తల తడిగా ఉంది. నేను ఏడుస్తూ ఆవిడ భుజం మీద పడితే ఏదో సెంటు సబ్బు వాసన వచ్చింది. ఆ దుఃఖంలో అది ఎక్కడిదని అడగలేదు. నిన్ను ఆ రాత్రే రావద్దని, తెల్లారి రమ్మని చెప్పింది కూడా ఆవిడేనట. ఎలా వచ్చావని నేను అడుగుతానని.

మీ ఇద్దరూ కలిసి నన్ను ఎంత చక్కగా దానిలో ముంచి, మీరు మాత్రం స్నానాలు చేశారు.

నువ్వు రాసిన లిఫ్టు గురించి ఒకటి చెప్తాను, విను. ఆస్పత్రిలో నాన్న గది తలుపు తీస్తే లిఫ్టు కనిపించేది. నాన్నకు అదొక్కటే కాలక్షేపం. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి, ఏ యంత్రం కనిపించినా చెవి అటే పెట్టేవాడు. ఒకరోజు అన్నాడు: "రోజూ పదకొండింటికి ఆ లిఫ్టు ఇక్కడ ఆగుతోందే. తలుపు తీస్తోంది, ఎవరూ దిగట్లేదు. ఎక్కడో లోపం ఉంది. పెద్దాడొచ్చినప్పుడు చూడమను."

ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు, అప్పట్లో దానికి అర్థం లేదు గనుక. ఇప్పుడు ఉంది. ఉంచుకో.

నాకు రాయకు.


మార్చి 13
క్యాంపు ఆఫీసు

చెల్లీ,

రాయొద్దన్నావు. ఒక్కటి రాసి ఆపేస్తాను.

నన్ను ఏమైనా అను. అమ్మను అనకు. నేను అక్కడికి పారిపోయి పడుకున్నాను. ఆవిడ కడుక్కుని మళ్ళీ వెనక్కి వెళ్ళేది. రోజూ వెళ్ళేది. నాలుగున్నరకు చెప్పులు తొడుక్కుని గడప దగ్గర ఒకసారి ఆగేది, అయినా వెళ్ళేది. రెండూ ఒకటి కావు.

నాన్న మాట ఉంచుకున్నాను. ఇవాళ పనిలోకి దిగలేదు.


మార్చి 14
రిసార్టు

అన్నయ్యా,

అమ్మకు బాగాలేదు. ముందు అది చెప్తాను, తరవాత మిగతాది.

ఇక్కడ ఏదో తిండి తేడా చేసింది. మొన్న సాయంత్రం మొదలై నిన్నటికి మా టవర్లో సగంమంది మంచాలెక్కారు. కారిడార్ల కార్పెట్ మీద ఎక్కడపడితే అక్కడ తెల్లపొడి చల్లారు, దానిమీద నడిస్తే కరకరమంటుంది. చేతికి బంగారు పట్టీ ఉన్నా, నీలం పట్టీ ఉన్నా కడుపుకు తేడా తెలీదు, అందరూ బకెట్ల మీదకే వంగారు. లిఫ్టులో కాగితం అంటించారు, "కొందరు అతిథులకు స్వల్ప అసౌకర్యం" అని. దాని కిందే ఎవరో వాంతి చేసుకున్నారు. సెంటు మాత్రం ఇంకా వదులుతున్నారు. రెండూ కలిసి ఎలా ఉందో రాయలేను.

అమ్మకు నిన్న మధ్యాహ్నం మొదలైంది. లేచేలోపే పక్క మీదే అయిపోయింది. మళ్ళీ, మళ్ళీ. నేను అలవాటుగా చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగాను. నాన్నకు పదకొండు వారాలు చేసినదాన్ని, ఇదెంత అనుకున్నాను. దుప్పటి తీశాను. అమ్మ తొడ మీద చెయ్యేశాను. వేసీ వెయ్యగానే ఒళ్ళంతా కంపరం ఎత్తింది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

వాసనకు కాదు. వాసన నాకు కొత్తా? మొన్నటినుంచీ ఆ మనిషి మీద రోతపడుతూ కూర్చున్నాను. తలదువ్వుకుంటే రోత, నీళ్ళు తాగితే రోత. ముందు మనిషి మీద పుట్టింది, తరవాత ఒంటి మీదకు పాకింది. అది అంత సులువుగా పాకుతుందని నాకు తెలీదు.

దుప్పటి మళ్ళీ కప్పేశాను. ఆ మురికిలోనే, అలాగే. "డాక్టర్ని తెస్తా" అని చెప్పి తలుపేసుకుని కిందికొచ్చేశాను.

డాక్టరు లాబీలోనే బల్ల వేసుకుని ఉన్నాడు. నేను ఆయనకు ఎదురుగా సోఫాలో కూర్చున్నాను. పిలవలేదు. లేవలేదు. రెండు గంటల నలభై నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. పైన అమ్మ ఎలా ఉందో నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను. ఒకామె మంచినీళ్ళిస్తే థాంక్స్ కూడా చెప్పాను.

చివరికి డాక్టర్ని తీసుకుని పైకి వెళ్ళేసరికి పక్క ఖాళీగా ఉంది. అమ్మ బాత్రూంలో ఉంది. నేల మీద పాక్కుంటూ దుప్పటి ఈడ్చుకెళ్ళి, టబ్బు అంచు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఉతుకుతోంది. నన్ను చూసి, "కాస్త గాలి పీల్చుకున్నావా?" అంది.

వెటకారం కాదన్నయ్యా. నిజంగానే అడిగింది.

తరవాత అన్నీ చేశాను. ప్రేమతో కాదు, ముక్కు బిగబట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని. సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీరంతా పోయి ఆకులా అయిపోయింది. కాళ్ళు నిలబడటంలేదు. మన ఏడు రాత్రులూ అయిపోయాయి, రేపటికి గది ఖాళీ చెయ్యమంటున్నారు.

నిన్ను క్షమించానని రాయడంలేదు. అలాంటిదేమీ జరగలేదు. నాకు ఇంకో మనిషి కావాలి, అంతే. రా.

చెల్లి


మార్చి 24
ఇంటినుంచి

పిచ్చుకా,

నువ్వు మళ్ళీ ల్యాబుకు వెళ్తున్నావని వదిన చెప్పింది. కారులో పదమూడు గంటలు కలిసి వచ్చాం. అమ్మను నా వైపు పడుకోబెట్టుకున్నాను. అంతసేపట్లో అద్దం దించమని రెండుసార్లు అన్నావు, అంతకుమించి నాతో మాట్లాడలేదు. సరే. నిన్ను మన ఊళ్ళో దింపేటప్పుడు నా చేతిలో పెట్టిన మందుల చీటీ గోడకు అంటించాను. అందులో నీ అక్షరాలు కాలిలో ముల్లు దిగినవాడు నడిచినట్టు ఉన్నాయి, అయినా చదువుకోగలుగుతున్నాను.

ఆనకట్ట పనికి వేరే మనిషిని పంపారు. నెలన్నర సెలవు పెట్టాను.

రిసార్టు వాళ్ళు క్షమాపణ పంపారు. కలిగిన అసౌకర్యానికి పరిహారంగా ఇంకో నాలుగు రాత్రుల పాయింట్లు వేశారట. ఫోన్ చేసి సభ్యత్వం తీసెయ్యమన్నాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "పదకొండేళ్ళ సభ్యులు సార్, కారణం చెప్తారా?" అంది. ఏమని చెప్పను? "ఇక ఇంట్లో పడుకుంటున్నాను" అన్నాను. అది రాసుకున్నట్టుంది.

అమ్మ సంగతి. జ్వరం లేదు. గంజినీళ్ళు నిలుస్తున్నాయి. నడవలేకపోతోంది, కడుపు ఇంకా చెప్పినమాట వినడం లేదు. రోజుకు నాలుగైదుసార్లు మార్చాలి. వదిన చేస్తానంది. నేను వద్దన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆవిడకు అంతా చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు, మూడోరోజు పాత చీరలన్నీ గుడ్డలుగా చింపి పెట్టింది.

అలవాటైందని అబద్ధం చెప్పను. కాలేదు. మొదటిరోజు మూడుసార్లు పెరట్లోకి పరిగెత్తాను. తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే ఊపిరాడక ఇంకా పాడైంది, తీసేశాను. నిన్న కూడా మధ్యలో వాంతి తన్నుకొచ్చింది. అప్పటికి అమ్మను సగమే తుడిచాను. ఒక చేతిలో తడిగుడ్డ, ఒక చేత్తో ఆవిడ మడమ ఎత్తి పట్టుకుని ఉన్నాను. వదిలేసి వెళ్ళాలా, ఉండాలా తెలియక, నోరు బిగబట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ నా మొహం చూసింది.

చూసి నవ్వింది. కాలు నా చేతిలోంచి తనే నెమ్మదిగా తీసుకుని పక్క మీద పెట్టుకుంది.

"వెళ్ళి కానిచ్చుకుని రారా. నేనెక్కడికీ పోను" అంది.

వెళ్ళాను. వచ్చాను.

అన్నయ్య